ఇటుకల ఆటలో నాలుగో పాదం

భూ శుక్ల విదియ

ఈ ఉదయం బయటి గోడకు కట్టిన కాగితపు తోరణాలు మార్చాను. పాతవి వంకరపోయాయి. వంకరపోయిన కాగితం అబద్ధమాడుతుంది. గోడకు కన్నం పడకపోయినా పడినట్టు వంగి కనిపిస్తుంది. సన్నగా, తిన్నగా కత్తిరించిన కాగితమైతేనే గదిలోని గాలి ఎటు పారిపోతున్నదో అటు నిజాయితీగా మొగ్గుతుంది. అది మొగ్గిన చోటికి, కిటికీ కింద ఉన్న మర తిప్పి, ఇనుపపలకను పట్టాల మీద జరిపి నిలపాలి. పలక అతుక్కునేదాకా గదిలోని గాలి మనది కాదు. చంద్రుడి మీద బయటి వరుస గదులలో కాపురం ఉండేవారికి ఇది ఇల్లు తుడుచుకోవడం వంటి పని.

ఇక్కడి తిథులకు ఆధారం భూమి. మా ఆకాశంలో అది ఒక్కచోటనే వేలాడుతూ పెరుగుతుంది, తరుగుతుంది. ఈ రోజు గోటిముక్కంత ఉంది. అది నిండిన నాడు, భూపూర్ణిమ నాడు, నాకు చేతి పరీక్ష. ఆ తరువాతి రోజులలోనే రాళ్ళకారు మొదలవుతుంది; ఏనాటి తోకచుక్కో విడిచిపోయిన ఇసుక ఏటా మా గోడలమీద కురిసే కాలమది. ఒకప్పుడు పలకలను యంత్రాలే జరిపేవట. ఒక రాళ్ళకారులో ధూళి కమ్మి వాటి కళ్ళన్నీ ఒక్కసారిగా పోయాయి. అప్పటినుంచి బయటి గది ప్రతిదానికీ ఒక మనిషి చెయ్యి పూచీ పడాలన్నది ఊరి కట్టుబాటు.

మా గదికి పూచీ నా చెయ్యి. అది ఈమధ్య ఆలస్యంగా కదులుతోంది.

పరీక్ష అంటే మరేమీ కాదు, ఇటుకల ఆట. తొలి కాపురస్థులు సరదాకు తెచ్చుకున్న పాత యంత్రమొకటి ఆటగదిలో ఉంది. తెర మీద పైన ఇటుకల గోడ, కింద ఒక చిన్న పలక, నడుమ ఒక బంతి. మర తిప్పితే పలక జరుగుతుంది. పలకకు తగిలిన బంతి పైకి పోయి ఒక ఇటుకను పగలగొట్టి తిరిగి వస్తుంది. అందుకోకపోతే బంతి పోతుంది. అందరి చేతులకూ ఆ మర అలవాటైపోయిందని గదులలోనూ అదే అచ్చు మర పెట్టారు. మూడు బంతులతో రెండు గోడలు పగలగొట్టినవారికి మాత్రమే బయటి గది. నేను తప్పితే గదికి తాళం పడుతుంది. నన్ను పురుషుల లోపలి శాలకు, మా వర్ధనమ్మక్కను స్త్రీల శాలకు పంపుతారు. రెండింటికీ కిటికీ లేదు. పక్షానికొకసారి కలుసుకోనిస్తారు.

అక్కకు ఊపిరితిత్తులు బలహీనం. ఆమె కోరేది కిటికీ ముందు కుర్చీ, అందులోంచి కనిపించే భూమి, తన మాట వినడానికి నేను. ఆ మూడూ ఇప్పుడు నా బొటనవేలిమీద ఆధారపడి ఉన్నాయి. ఈ రోజు మొదటి గోడలో సగమైనా పగలకముందే నా బంతులు మూడూ జారిపోయాయి.

ఆటగది చూసుకునే పైడితల్లే పరీక్షాధికారి కూడా. నా ఆట చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

"తాతగారూ, బంతిని తరుముకుంటా ఎల్తే అందదండి. అదొచ్చే చోటుకి ముందే ఎల్లి కూకోవాల."

"ఎక్కడికి వస్తుందో ముందుగా ఎలా తెలుస్తుందమ్మా?"

"అదేటండీ! అవధానం చేసినోరు కదా. ఎదటోడు ఏటడుగుతాడో నోరు తెరవకముందే మీకు తెలిసిపోద్దని అక్కగారు చెప్తారే!"

నిజమే. నా వయసులో సగభాగం అవధాన సభలలోనే గడిచింది. చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు తలా ఒక సమస్య ఇస్తారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం మాత్రమే చెబుతూ, నాలుగు ఆవృత్తాలు తిరిగి, చివరకు పద్యాలన్నిటినీ ధారణగా అప్పజెప్పాలి. అన్ని వైపులా మనస్సు నిలిపినవాడిని ఒక బంతి దగ్గర నిలపలేకపోతున్నాను.

భూ శుక్ల చవితి

ఒక ఉపాయం దొరికింది. బంతి నడకకు లయ ఉంది. పలక, ఇటుక, పలక, గోడ, పలక. గురువు, లఘువు. కింది వరుసలలో ఆడుతున్నంతసేపూ అది ఆటవెలదిలాగా నడుస్తుంది. కంటితో వెంబడించడం మానివేసి, లోపల ఒక పాదం నడిపిస్తూ, పాదం ముగిసేచోట పలకను నిలిపాను. బంతి వచ్చి దానిమీద వాలింది. ఒళ్ళు పులకరించింది.

రెండు పాదాలు అక్కడే పుట్టాయి:

గాలి లేని నేల గగనాన వేలాడు
నీలి బంతి చూచి నిలచి యుంటి

మరొక కిటుకు పైడితల్లి చెప్పింది. గోడనంతటినీ సమంగా కొట్టరాదు. పలక అంచుతో బంతిని ఏటవాలుగా పంపి ఒక మూలనే తొలుచుకుంటూ పోవాలి. దారి పడితే బంతి గోడ వెనక్కు దూరి, మన ప్రమేయం లేకుండా తానే ఇటుకలను రాల్చుతుంది. ఆ కొద్దిసేపే ఆటగాడికి ఊపిరి తీసుకునే సమయం.

సంతోషంతో గదికి వచ్చి అక్కకు చెప్పాను. ఆమె కిటికీ నుంచి తల తిప్పలేదు.

"ఛందస్సుతో బంతాట ఆడుతున్నావన్నమాట. బంతికి యతి తెలుసుట్రా?"

"తెలియకపోతే నేను నేర్పుతానక్కా."

"చాల్లే. ఆ పిల్లని 'బాబ్బాబు' అని బతిమాలి ఇంకో బంతి అడుక్కో. కూర్మనాథం అని పేరు పెట్టినప్పుడే నాన్నకి తెలిసుండాలి, వీడు తాబేలని."

భూ శుక్ల సప్తమి

సూర్యుడు కొండ వెనక్కు వాలాడు. పక్షంరోజుల చీకటి మొదలైంది. కిటికీలో సగం భూమి వెలుగుతోంది.

ఉపాయం బెడిసికొట్టింది. బంతి పై వరుసలను తాకగానే దాని వేగం హఠాత్తుగా పెరుగుతుంది. పాదం ఇంకా నడుస్తూ ఉంటుంది, బంతి వచ్చేస్తుంది. నాకు కనిపిస్తుంది కూడా. ఎక్కడ పడుతుందో తెలుసు. అయినా చెయ్యి కదలదు. ఏదో ఒక అడ్డు, వెంట్రుకవాసి ఆలస్యం. ప్రతిసారీ అంతే. కంటి దోషమా, నరాల దోషమా అని భయపడి వైద్యుడి దగ్గరకు పోయాను. చేయి బాగానే ఉందన్నాడు. బాగున్న చెయ్యి కదలకపోవడం మరింత భయపెట్టింది.

మూడో పాదం కూడా వచ్చింది: చేతి కింది బంతి చేజారి పోకుండ. నాలుగోది రాలేదు. ఏ సభలోనూ నేను నాలుగో పాదం బాకీపడి లేచింది లేదు.

గదిలోని మర దగ్గర కూర్చుని ఉత్తచేత్తో అభ్యాసం చేస్తుంటే అక్క చాలాసేపు చూసింది.

"ఒరే, నీ పెదిమలు కదులుతున్నాయి."

"పద్యం నడిపిస్తున్నానక్కా."

"అదే చెబుతున్నా. పెదిమలు ఆగాకే చెయ్యి కదులుతోంది. పాదం పూర్తయ్యేదాకా నువ్వు కదలవు. చచ్చినా కదలవు. ఇల్లు కాలుతోందన్నా 'ఉండవే, యతి పడనీ' అనే రకం."

మా అక్క కేవలం అక్క కాదు. నా సభలన్నిటిలో ఆమె అప్రస్తుత ప్రసంగి. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడానికి, సందర్భం లేని మాటలతో మధ్యలో తగులుకునే పృచ్ఛకులకు ఆ పేరు. ఆమె అడ్డు తగిలినప్పుడు నేను పాదాన్ని ఎక్కడికక్కడ వదిలి జవాబు చెప్పేవాణ్ణి; సభ నవ్విన తరువాత తిరిగి అందుకునేవాణ్ణి. ఆమె ఉన్నప్పుడు మాత్రమే నాకు వదలడం సాధ్యమైంది. ఈ సంగతి ఇంతకాలం నాకు తట్టనే లేదు.

"మళ్ళీ మొదలెడదామా?" అంది అక్క, చీర కుచ్చిళ్ళు సర్దుకుని.

భూ శుక్ల దశమి

మూడు రోజులుగా మా గది సభామండపమైంది. నేను మర దగ్గర కూర్చుని లోలోపల పద్యం నడుపుతూ ఉంటాను. అక్క చేతికర్రతో గోడమీది ఏదో ఒక కాగితాన్ని తాకుతుంది. అదే సమయంలో ఒక ప్రశ్న విసురుతుంది. నేను పాదాన్ని తుంచివేసి, పలకను ఆ కాగితం దగ్గరకు చేర్చి, ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి.

"ఏరా కూర్మం, గ్రహణం పడితే ఇక్కడ తలస్నానం ఎవరు చెయ్యాలి? మనమా, భూమ్మీద వాళ్ళా?"

"నీళ్ళు ఎవరికి మిగిలితే వాళ్ళక్కా."

"శనివారాలు ఒంటిపూట భోజనం అంటావు. ఇక్కడ పూటంటే పక్షం కదరా! ఎన్నాళ్ళు తింటూ కూర్చుంటావు?"

"నువ్వు వండిపెడుతున్నన్నాళ్ళూ."

"ఉప్మాలో జీడిపప్పు లేదని కోర్టుకెక్కితే సాక్ష్యం ఎవరు చెబుతారు?"

"కరివేపాకు. అన్నీ చూస్తూనే ఉంటుంది, పాపం ఎవరూ పట్టించుకోరు."

అక్క నవ్వింది. నవ్వు దగ్గుగా మారింది. దగ్గు ఆగలేదు. నీళ్ళ గ్లాసు ఆమె చేతిలోంచి జారి, ఇక్కడి వస్తువులన్నిటిలాగే, తీరుబడిగా కిందికి దిగింది. నేను దాన్ని నేల తాకకముందే పట్టుకున్నాను. పట్టుకున్నందుకు సంతోషించాలో, ఆమె గోళ్ళు నీలిరంగు తిరిగినందుకు ఏడవాలో తోచలేదు.

ఆటగదిలో ఈ రోజు ఒక గోడ పూర్తిగా పగిలింది, రెండోదానిలో సగం కూడా. పైడితల్లి చప్పట్లు కొట్టింది. నాకు ఆమె చప్పట్లు వినిపించలేదు. అక్క దగ్గే చెవిలో తిరుగుతోంది.

భూ శుక్ల ద్వాదశి

అక్కను ఊపిరి వార్డుకు తీసుకుపోయారు. మాట్లాడరాదట. ఇకమీదట ముక్కును, నోటిని మూసే తొడుగు వేస్తారట. అది తీయడానికి వీలుండదట. తిరిగి ఇంటికి పంపుతారా అని అడిగాను. వైద్యుడు నా ముఖంలోకి చూడకుండా, "ఇల్లుంటే పంపుతామండీ," అన్నాడు.

ఇంటికి వచ్చి మర దగ్గర కూర్చున్నాను. కాగితాలు కదలకుండా వేలాడుతున్నాయి. ఏకాగ్రతకు నిశ్శబ్దమే పరమసాధనమని పెద్దలు చెప్పగా విన్నాను, శిష్యులకు చెప్పాను. ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో నా పద్యం తప్ప మరేమీ వినిపించడం లేదు. మూడు పాదాలు గుండ్రంగా తిరిగి వచ్చి నాలుగోదాని కోసం తలుపు కొడుతున్నాయి. చెయ్యి తిరిగి మొద్దుబారింది. ఆటగదికి పోయి ఆడితే మొదటి గోడ కూడా దాటలేదు.

"ఏటండీ తాతగారూ, మొన్న అంత బాగా ఆడీసి?" అంది పైడితల్లి.

"పరీక్షనాడు నువ్వు నాతో మాట్లాడుతూ ఉండగలవా అమ్మా? ఏదైనా సరే. తిట్టినా సరే."

ఆమె తల అడ్డంగా ఊపింది. "చూసీవోళ్ళు నోరిప్పకూడదండి. రూలు. నేనసలే ఇప్పకూడదు."

ఆహారం సయించలేదు. కిటికీ దగ్గరి కుర్చీని తుడిచాను. అందులో ఎవరూ కూర్చోకపోయినా దుమ్ము పడుతూనే ఉంది.

భూపూర్ణిమ

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆటగది నిండా జనం. ఈ ఊళ్ళో చేతి పరీక్షకు పెళ్ళికి వచ్చినట్టు వస్తారు, కానీ గుడిలోలాగా నిశ్శబ్దంగా కూర్చుంటారు. పైడితల్లి నన్ను ఎరగనిదానిలాగా ముఖం పెట్టుకుని బంతి వదిలింది.

మొదటి బంతితో మొదటి గోడలో మూల తొలిచాను. బంతి గోడ వెనక్కు దూరి తన పని తాను చేసుకుంది. ఫరవాలేదనుకున్నంతలో అది పై వరుసను తాకి రివ్వున దిగింది. పాదం నడుమ ఉన్నాను. పోయింది. రెండో బంతితో ఆ గోడ పూర్తిచేసి రెండో గోడ ఎక్కాను. అక్కడ, అదే తీరుగా, కళ్ళారా చూస్తూ ఉండగానే రెండో బంతీ పోయింది. జనంలో ఎవరో నిట్టూర్చారు. ఎదుట దాదాపు నిండుగోడ, చేతిలో ఒక్క బంతి.

మూడో బంతి బయలుదేరింది. కొంతసేపు నడిచింది. గోడ తరుగుతూ వచ్చింది. పై వరుసను తాకింది. వేగం అందుకుంది. సరిగ్గా అప్పుడు నాలుగో పాదం వచ్చింది. ఒక మాటగా కాదు. నిండుగా, యతి కుదిరి, అర్థం పండి, స్నానం చేసి వచ్చిన మనిషిలాగా నా ఎదుట నిలిచింది. దాన్ని ఒక్కసారి చివరిదాకా పలుకుకుంటే చాలు, ఇక మరిచిపోను. బంతి ఎడమ మూలకు దిగుతోంది. చెయ్యి ఆగిపోయింది.

చూసేవారు మాట్లాడరాదు. ఆడేవాడు మాట్లాడరాదని ఎవరూ అనలేదు.

"ఏరా కూర్మం!" అన్నాను, మా అక్క గొంతుతో, బిగ్గరగా. "ఈ ఇటుకలన్నీ పగలగొడుతున్నావు, మళ్ళీ కట్టడానికి మేస్త్రీకి కూలి ఎవడిస్తాడ్రా?"

పాదం తెగింది. చెయ్యి కదిలింది. బంతి పలక అంచుకు తగిలి పైకి లేచింది.

"పగలగొట్టించినవాళ్ళే ఇస్తారక్కా," అన్నాను నా గొంతుతో.

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. నేను ఆపలేదు. ఆపితే నిశ్శబ్దం వచ్చి పడుతుంది. గ్రహణస్నానం అడిగాను, జవాబు చెప్పాను. కరివేపాకును సాక్ష్యానికి పిలిచాను. చంద్రుడి మీద పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు దేన్ని చూపిస్తార్రా అని అడిగి, భూమిని చూపిస్తారక్కా, రమ్మంటే అదీ రాదు అన్నాను. పద్యం తల ఎత్తినప్పుడల్లా అక్క దాని నెత్తిమీద మొట్టింది. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మసకలోనే బంతి ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందుగా పోయి కూర్చున్నాను.

చివరి ఇటుక ఎప్పుడు పగిలిందో నాకు తెలియదు. తెర ఖాళీ అయింది. మాట్లాడుతూనే ఉన్నాను. పైడితల్లి వచ్చి నా భుజం పట్టుకుంది.

"అయిపోనాది తాతగారూ. ఇంక అక్కగారిని ఊరుకోమనండి."

భూ బహుళ తదియ

అక్క ఇంటికి వచ్చింది. ముఖానికి తొడుగు, దాని వెనుక చిన్న గాలిపెట్టె. మాట లేదు. ఒడిలో రాతపలక. వచ్చీ రాగానే కుర్చీలో కూర్చుని, తరగడం మొదలుపెట్టిన భూమిని తనివితీరా చూసి, ఆ తరువాత పలకమీద రాసింది: "నా గొంతు పీలగా ఉంటుందని ఊరంతా అనుకుంటున్నార్రా. అలాగేనా నన్ను పలికించడం?"

"సభలో బానే నవ్వారక్కా."

"కరివేపాకు నా ప్రశ్న. జవాబు నీది. మేస్త్రీ ఎవరిది?"

"నీదే. నువ్వుంటే అడిగి ఉండేదానివి."

ఆమె ఒప్పుకున్నట్టు తలపంకించింది.

రోజూ అభ్యాసం సాగిస్తున్నాం. ఇప్పుడు రెండు గొంతులూ నావే. ప్రశ్న పేలవంగా ఉంటే ఆమె ముఖం చిట్లిస్తుంది. ఆమె తన వంతుగా స్టీలు గ్లాసును చెంచాతో కొట్టి కర్రతో కాగితాన్ని తాకుతుంది. గంట మోగగానే ఎక్కడి మాట అక్కడ వదలాలి. పరీక్ష గడిచింది కాని భయం గడవలేదు. తెర మీద మూడు బంతులిస్తారు. ఈ గది గోడకు ఒకటే.

భూ బహుళ షష్ఠి

రాళ్ళకారు నిన్ననే మొదలైంది. దూరపు గదులలో ఒకటి రెండు పలకలు జరిగిన చప్పుడు వినిపించింది. మా గోడ ఇంకా చెక్కుచెదరలేదు. తోరణాలను లేచిన ప్రతిసారీ సరిచూస్తున్నాను. అక్క కునుకుతోంది.

ఆశ్చర్యం. పరీక్షనాడు పోయిన నాలుగో పాదం ఇప్పుడు, ఈ వాక్యం రాస్తూ ఉండగా, తిరిగి వచ్చింది. పొల్లుపోలేదు. మూడింటి కింద రాసి ఉంచుతాను; లేకపోతే మళ్ళీ పోతుంది.

గాలి లేని నేల గగనాన వేలాడు
నీలి బంతి చూచి నిలచి యుంటి
చేతి కింది బంతి చేజారి పోకుండ
గా

అదే రోజు, భోజనం తరువాత

పై అక్షరం దగ్గర గ్లాసు మోగింది.

అక్క నిద్రపోవడం లేదు. కుడివైపు పైమూలన ఒక కాగితం గోడకు అతుక్కుపోయినట్టు మొగ్గి ఉంది. ఆ పక్కవి రెండు దానివైపు వంగుతున్నాయి. సన్నని ఈల. కలం ఎక్కడ పడవేశానో గుర్తులేదు. చెయ్యి మరమీద ఉంది. పలక పట్టాలమీద పరుగెత్తింది. కన్నం దగ్గరకు వచ్చాక ఆపితే దాటిపోతుంది కనుక ముందే పట్టు వదిలాను. అది జారివచ్చి నిలిచింది, అతుక్కుంది. ఈల ఆగింది. కాగితాలు ఒక్కొక్కటే తిన్నబడ్డాయి.

నేలమీద కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం గోడనే చూశాం. మరో కాగితం కదలలేదు.

అక్క ఈ పుస్తకాన్ని తీసి, సగంలో ఆగిన పద్యాన్ని చూసింది. రాతపలక ఒడిలోకి లాక్కుని పెద్ద అక్షరాలతో రాసింది: "నాలుగో పాదం ఏదిరా?"

వెతికాను. లేదు. ఈసారి దాని జాడ కూడా లేదు.

"కన్నానికి అడ్డం పెట్టేశానక్కా," అన్నాను.

తొడుగు లోపల ఆవిరి కమ్మి ఆమె ముఖం కనిపించలేదు. నవ్విందని ఇకమీదట అలాగే తెలుసుకోవాలి.